'ప్రవేశం ఉచితం' అంటే ఎవరో కట్టారని అర్థం

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదువుతూ రెండున్నరేళ్లు కూర్చున్నాను. పొద్దున్న గేటు తీసే టైముకి అక్కడ ఉండకపోతే ఫ్యాను కింద కుర్చీ దొరకదు. రాత్రి తాళం వేసేదాకా అక్కడే. సాయంత్రం టీకి బయటికొస్తే, నడిచి వెళ్లేంత దూరంలో త్యాగరాయ గానసభ. మృదంగం శ్రుతి చేస్తున్న చప్పుడో, మైకు టెస్టింగో వినిపించేది. గేటుకి కట్టిన ఫ్లెక్సీ మీద 'అందరూ ఆహ్వానితులే, ప్రవేశం ఉచితం' అని ఉండేది. ఏడాదిన్నర పాటు ఆ మాట రోజూ చదివాను. ఒక్కసారి కూడా లోపలికి వెళ్లలేదు.

నాతో చదివేవాళ్లూ వెళ్లలేదు. ఐదు రూపాయల భోజనంతో పూట గడిపే కుర్రాడిని కూడా అక్కడ ఎవరూ రూపాయి అడగరు. అశోక్‌నగర్, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ చుట్టూ అద్దె గదుల్లో వేల మంది ఇరవై ఏళ్ల పిల్లలున్నారు. మధ్యలో ప్రతి సాయంత్రం ఏదో ఒక కార్యక్రమం జరిగే హాలు ఉంది. తర్వాత ఆ హాలుకి అలవాటు పడ్డాక ఎప్పుడు చూసినా, నలభై మంది కూర్చుని ఉంటే ముప్పై మందికి పైగా రిటైరైన పెద్దవాళ్లే.

విద్యార్థులకీ చుట్టుపక్కల కాపురముండేవాళ్లకీ తక్కువ ఖర్చులో కళలు అందాలని అందరూ అంటారు. టికెట్ తీసేస్తే సరిపోతుందని అనుకుంటారు. తెలుగు పట్టణాల్లో టికెట్ ఎప్పుడో తీసేశారు. పద్య నాటకం ఫ్రీ, కచేరీ ఫ్రీ, కూచిపూడి ఫ్రీ, పుస్తకావిష్కరణ ఫ్రీ. అయినా కుర్చీలు నిండట్లేదు. ఎందుకో అర్థం కావాలంటే, ఆ ఉచితానికి డబ్బులు ఎవరు కడుతున్నారో చూడాలి. కట్టినవాళ్ల అవసరాన్ని బట్టే కార్యక్రమం ఎన్నింటికి మొదలవుతుందో, ఎవరు ఎంతసేపు మాట్లాడతారో, హాల్లో ఎవరు కూర్చుంటారో తేలుతుంది.

ఒక పద్య నాటకం వేయడానికి ఏమేం కావాలో చూడండి. హాలు అద్దె. సౌండు, లైట్లు. మేకప్ మనిషి, ఆయనతో పాటు వచ్చే కిరీటాలు, భుజకీర్తులు, గదల పెట్టె. తెరలు అద్దెకి తెచ్చే వ్యాను. హార్మోనిస్టు, ఆయన పక్కన తబలా. కృష్ణుడు ఒక ఊరి నుంచి, దుర్యోధనుడు ఇంకో ఊరి నుంచి వస్తారు కాబట్టి ఛార్జీలు, రాత్రి భోజనాలు. రిహార్సల్ ఖర్చు దాదాపు ఎవరూ లెక్కేయరు, అది నటుల సొంత జేబు. తలుపు దగ్గర టికెట్ లేదన్నంత మాత్రాన ఇందులో ఏ ఒక్కటీ తగ్గదు.

మన నగరాల్లో ఈ డబ్బు ఎక్కువగా చిన్న సాంస్కృతిక సంస్థల నుంచి వస్తుంది. ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, ఒక లెక్చరరు, ఒక చిన్న వ్యాపారి కలిసి సంస్థ పెడతారు. తండ్రి పేరు మీద ఏటా ఒక పురస్కారం, ఒక సభ. వాళ్ల ప్రేమని నేను తక్కువ చేసి మాట్లాడలేను. ఈ పాతికేళ్లలో తెలుగు పద్యం వేదిక మీద బతికి ఉందంటే అందులో ఇలాంటివాళ్ల పెన్షన్ డబ్బులు చాలా ఉన్నాయి. కాకపోతే వాళ్లకీ దాతలు కావాలి. దాత టికెట్ కొనడు, గౌరవం కోరుకుంటాడు. అది న్యాయమే కూడా. అందుకే ఆహ్వాన పత్రిక అలా ఉంటుంది. సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, అందరికీ గుండ్రటి ఫొటోలు. అట్టడుగున, వేలితో జూమ్ చేస్తే తప్ప కనపడని అక్షరాల్లో ఆ రోజు పాడబోయే మనిషి పేరు.

ఒకసారి ఇలాంటి కార్డు పట్టుకుని ఒక హాలుకి వెళ్లాను. ఆరు గంటలకి నాటకం అని రాసి ఉంది. జ్యోతి ప్రజ్వలన, స్వాగతం, శాలువాలు, మెమెంటోలు, పదకొండు మంది ప్రసంగాలు అయ్యి తెర లేచేసరికి 8:20. హాస్టల్ గేటు పదింటికి వేస్తారు. 9:10కి లేచి వచ్చేశాను. ఆ నాటకంలో చివరికి ఆ తల్లి ఎవరి దగ్గర ఉండిపోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. నటులు నెలరోజులు రిహార్సల్ చేసి ఉంటారు.

ఆ రాత్రి చాలా కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే విషయం బోధపడింది. ఆ ప్రసంగాలే మన టికెట్. మనం డబ్బులు కట్టలేదు కాబట్టి, కట్టినవాళ్లని గౌరవించుకునే సమయాన్ని మన దగ్గర వసూలు చేస్తున్నారు. రిటైరైన పెద్దాయన దగ్గర ఆ సమయం ఉంది, పక్క వీధిలోనే ఇల్లు ఉంది, వేదిక మీద ఉన్నవాళ్లలో ఇద్దరు ఆయన స్నేహితులు. రేపు పొద్దున ఎనిమిదింటికి ల్యాబ్ ఉన్న పిల్ల దగ్గర ఆ రెండు గంటలు లేవు. అంటే ఒకే ఫ్రీ కార్యక్రమం ఒకరికి చవక, ఇంకొకరికి చాలా ఖరీదు.

కూచిపూడి, భరతనాట్యం రంగప్రవేశాల్లో, అంటే నేర్చుకున్న అమ్మాయి మొదటిసారి పూర్తి కచేరీగా వేదికెక్కే రోజున, కట్టేది తల్లిదండ్రులు. హాలు, నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు, ఆహార్యం, చివర విందు వరకు అన్నీ వాళ్లవే. ఎవరైనా వెళ్లి చూడొచ్చు, గేటు దగ్గర ఎవరూ ఆపరు. అయినా అది ఇంటి శుభకార్యంలా ఉంటుంది కాబట్టి పిలవని పేరంటానికి వెళ్లినట్టు బయటివాళ్లు మొహమాటపడతారు. నిజానికి శాస్త్రీయ నృత్యం ఒక్కసారి కూడా చూడని విద్యార్థికి రంగప్రవేశం చాలా మంచి చోటు. ఒకే సాయంత్రం మొదట్లో వచ్చే జతిస్వరం నుంచి చివర్లో వచ్చే తిల్లానా దాకా వరసగా చూడొచ్చు. మొహమాటం పక్కనపెట్టి వెనక వరసలో కూర్చోండి. ఆ అమ్మాయి ఇంట్లోవాళ్లు మిమ్మల్ని చూసి సంతోషిస్తారు.

ప్రభుత్వం కట్టే కార్యక్రమాలు వేరే రకం. హైదరాబాద్‌లో రవీంద్రభారతి టాగూర్ శతజయంతి సందర్భంగా కట్టి 1961లో తెరిచిన హాలు. అసెంబ్లీ పక్కన, మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లే దూరం. ఈ ఊళ్లో నాటకం వేసేవాడికి అక్కడ వేయడం ఒక హోదా. పై అంతస్తులో పైడి జైరాజ్ పేరు పెట్టిన చిన్న ప్రివ్యూ థియేటర్ ఉంది. తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ అక్కడ 'సినివారం' పేరుతో శనివారాలు కొత్త కుర్రాళ్లు తీసిన చిన్న సినిమాలు ఉచితంగా వేసింది. అక్కడికి మాత్రం విద్యార్థులు గుంపులుగా వచ్చారు. సినిమా తీసినవాడు వాళ్ల ఈడువాడు. నిడివి తక్కువ. అయిపోగానే దర్శకుడిని ప్రశ్న అడగొచ్చు. ఉచితమైన హాళ్లు నగరంలో ఇంకెన్నో ఉన్నా ఇది నిండిందంటే కారణం అదే.

ఆంధ్రలో నాటక పరిషత్తుల కథ ఇంకా లోతైనది, దాని దగ్గర కాసేపు ఆగాలి. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు మొదలైంది. ఆ తర్వాత గుంటూరు, ప్రకాశం, గోదావరి జిల్లాల్లో ఊరూరా పరిషత్తులు పుట్టాయి. చిలకలూరిపేట, పొన్నూరు, పాలకొల్లు పేర్లు చెబితే నాటకం వాళ్ల మొహం వెలిగిపోతుంది. మూడు నాలుగు రాత్రుల పాటు పోటీలు, రాత్రికి రెండు మూడు నాటికలు, ఒక్కోటి గంట. కుర్చీలు వేసి ఉంటాయి, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఊళ్లో వ్యాపారులు, డాక్టర్లు, మిల్లు యజమానులు చందాలేసుకుంటారు. నాటక సమాజాలకి ప్రదర్శన పారితోషికం ఇస్తారు. ఇంత పెద్ద ఉచిత నాటక వ్యవస్థ ఊరివాళ్ల చందాల మీద ఇన్నేళ్లు నడవడం మామూలు విషయం కాదు.

అక్కడా అదే ప్రశ్న వేసుకుంటే ఒక సంగతి బయటపడుతుంది. పరిషత్తు నాటికకి అసలు ప్రేక్షకులు ముందు వరసలో పెన్ను పట్టుకుని కూర్చున్న ముగ్గురు న్యాయనిర్ణేతలు. ప్రైజు వస్తేనే ఛార్జీల పైన ఏమైనా మిగిలేది, ఇంకో పరిషత్తుకి పిలుపు వచ్చేది. అందుకే చాలా నాటికలు ఒకే దారిలో నడుస్తాయి. వృద్ధాశ్రమంలో వదిలేసిన తల్లిదండ్రులు, చివరి పది నిమిషాల్లో ఏడుపు, ఒక సందేశం. ఆ విషయాలు ముఖ్యమైనవే. కానీ హాస్టల్ గదిలో ఉండే పిల్లవాడి బతుకు, వాడి ప్రేమ, వాడి అప్పు, వాడి ఇంటర్వ్యూ టెన్షన్ ఆ వేదిక మీద చాలా అరుదు. టికెట్ కొనే ప్రేక్షకుడు ఉంటే 'ఇది పోయినేడు చూశాం కదా' అని రాకుండా ఉండి ఒక మాట చెప్పగలడు. ఫ్రీగా వచ్చేవాడి గైర్హాజరు ఎవరి లెక్కల్లోకీ రాదు.

తిరుపతిలో లెక్క మళ్లీ మారిపోతుంది. అక్కడ కట్టేది దేవస్థానం. 1978లో మొదలైన అన్నమాచార్య ప్రాజెక్టు, మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం, కొండ మీద నాదనీరాజనం వేదిక, ఇవన్నీ భక్తుల కానుకల మీద నడుస్తాయి. ఎస్వీ విశ్వవిద్యాలయం, మహిళా విశ్వవిద్యాలయం, సంస్కృత విశ్వవిద్యాలయం, దేవస్థానం వారి సంగీత నృత్య కళాశాల, ఇన్నీ ఉన్న ఊళ్లో విద్యార్థికీ స్థానికుడికీ ఒకే ప్రవేశం, ఒకే కుర్చీ. పెద్ద పెద్ద విద్వాంసుల కచేరీ చెప్పులు బయట విడిచి లోపలికెళ్లి వినొచ్చు. సహజంగానే అక్కడ సంకీర్తన ఉంటుంది, హరికథ ఉంటుంది. కొత్త సాంఘిక నాటకం కోసం వేరే చోటు వెతుక్కోవాలి. ఇందులో దేవస్థానం తప్పేమీ లేదు. ఒక్క జేబు మీద ఊరంతా ఆధారపడితే ఒక్క రకం కళే దొరుకుతుంది.

చదివింపులు

ఏడాదిన్నర తర్వాత నేను గానసభ గేటు దాటింది నాగర్‌కర్నూలు వైపు నుంచి వచ్చిన నా రూమ్మేట్ వల్ల. ప్రిలిమ్స్ పోయిన రోజు. గదికి వెళ్లాలని లేదు, చదవాలని లేదు. 'పద, కాసేపు కూర్చుందాం' అన్నాడు. లోపల, కళా సుబ్బారావు కళావేదికలో కృష్ణ రాయబారం ఘట్టం నడుస్తోంది. వెనక నిలబడితే ఒక పెద్దాయన చెయ్యి ఊపి 'ముందుకి రండి బాబూ, ఖాళీలున్నాయి' అన్నారు. రెండో వరసలో కూర్చున్నాం. అక్కడి నుంచి హార్మోనిస్టు చేతులు బాగా కనిపించాయి. కృష్ణుడు రాగం తీయబోయే ముందు ఒక్క క్షణం ఆయన వైపు చూస్తాడు. ఆయన కుడి చెయ్యి మెట్ల మీద అలాగే ఉంచి, ఎడమ చేత్తో బెల్లోస్ నెమ్మదిగా నొక్కి, తల ఊపుతాడు. అప్పుడు పద్యం లేస్తుంది. ఆగిపోగానే వెనక నుంచి 'వన్స్ మోర్'. కృష్ణుడు నవ్వి మళ్లీ అందుకున్నాడు, ఈసారి రాగం ఇంకొంచెం పైకి. ముందు వరసలో ఒకాయన లేచి వెళ్లి వేదిక అంచు మీదుగా వంద నోటు అందించాడు. నా రూమ్మేట్ జేబులోంచి ఇరవై తీసి, కాసేపు చేతిలో పట్టుకుని, వాడూ వెళ్లి ఇచ్చి వచ్చాడు. 'మా ఊళ్లో చిందు భాగోతానికి మా నాయన ఇట్లనే ఇస్తుండె' అన్నాడు.

వాడు చెప్పింది మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. వీధి భాగవతంలో, బుర్రకథలో ఆట మధ్యలో ఆపి, 'ఫలానా వారు ఇంత చదివించారు' అని పేరు చెప్పి దీవించేవారు. హరికథలో హారతి పళ్లెం తిరిగేది. ఇవ్వగలిగినవాడు ఇస్తాడు, ఇవ్వలేనివాడు దండం పెట్టి హారతి కళ్లకద్దుకుంటాడు. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చున్నారు. ఆట చూశాక, నచ్చినంత, చేతనైనంత ఇవ్వడం. ఈ పద్ధతిలో పేద పిల్లవాడు బయట నిలబడక్కర్లేదు, ఆట బాగుందో లేదో చెప్పే హక్కు కూడా చూసేవాడి చేతిలోనే ఉంటుంది.

ఇందులో ఇంకో నిజం కూడా ఉంది, దాన్ని దాటేయకూడదు. ఊరంతా ఉచితంగా చూసిన చాలా ఆటల్ని ఆశ్రిత కులాల కళాకారులు ఆడారు. ఫలానా కులం వాళ్లకి ఫలానా వాళ్లు కథ చెప్పాలి, పోషించే కులం ధాన్యమో డబ్బో ఇవ్వాలి. ఊళ్ల మీద హక్కులు వంశపారంపర్యంగా ఉండేవి. చిందు, ఒగ్గు, పటం కథ చెప్పేవాళ్ల బతుకులు ఆ ఏర్పాటు మీదే నడిచాయి. ఊరు మారి ఆ పోషణ ఆగిపోయాక ఆట ఆడేవాళ్లు కూలికి వెళ్లారు. చూసేవాళ్లకి ఉచితంగా దొరికినంత కాలం దాని బరువు ఎవరి భుజాల మీద ఉందో ఊరు పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు ఫ్రీ కార్యక్రమంలో డప్పు కొట్టడానికి పిలిచి శాలువా కప్పి, బస్సు ఛార్జీ ఇచ్చి పంపేటప్పుడు కూడా అదే జరుగుతోంది.

టికెట్ పెడితే ఏమవుతుంది

టికెట్ మీద బతికిన తెలుగు నాటకానికి పెద్ద ఉదాహరణ సురభి. 1885లో కడప దగ్గర సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు కీచకవధతో మొదలుపెట్టారు. అప్పటి నుంచి కుటుంబాలకి కుటుంబాలే నాటకంలో పుట్టి నాటకంలో పెరిగాయి. తెర, లైటు, మంట, వాన, గాల్లో తేలే నారదుడు, అన్నీ ఇంటి మనుషుల చేతి పనే. ఊరూరా డేరా వేసి, నేల టికెట్ దగ్గర నుంచి అమ్మి బతికారు. చూసేవాడికి నచ్చకపోతే ఆ రాత్రి పొయ్యి వెలగదు. అందుకే మాయాబజార్‌లో ఘటోత్కచుడు వచ్చేటప్పటి ఆ హంగామా. నేను మూడో వరసలో కూర్చుని చూశాను, తీగలు కనిపిస్తూనే ఉంటాయి. నా పక్కన కూర్చున్న ఆరేళ్ల పాప ఆ తీగల్ని చూసింది, అయినా రెండు చేతులూ నోటి మీద పెట్టేసుకుంది. ఆ సమాజాన్ని నడిపిన సురభి బాబ్జీ గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది.

సురభి కుటుంబాలు స్థిరపడిన కాలనీ లింగంపల్లిలో ఉంది. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే హైదరాబాద్ విశ్వవిద్యాలయం, అందులో సరోజినీ నాయుడు స్కూల్, దానిలో రంగస్థల కళల శాఖ. నాటకం మీద పీహెచ్‌డీలు చేసే చోటు, నాలుగు తరాలకి పైగా నాటకం ఆడుతున్న ఇళ్లు, రెండూ ఒకే పిన్‌కోడ్ చుట్టుపక్కల ఉన్నాయి. ఇలాంటి అదృష్టం చాలా నగరాలకి లేదు.

చిన్న టికెట్‌కి చట్టం కూడా అడ్డు రాదని చాలామంది నిర్వాహకులకి తెలియదు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు నాటకం, నృత్యం, సంగీత కచేరీ టికెట్ తలకు 250 రూపాయల లోపుంటే పన్ను లేదన్నారు. 2018 జనవరిలో ఆ హద్దు 500 చేశారు. శాస్త్రీయ, జానపద కళల్లో ప్రదర్శన ఇచ్చే కళాకారుడి పారితోషికం లక్షన్నర దాటకపోతే దాని మీదా పన్ను లేదు. కాబట్టి యాభై, వంద రూపాయల టికెట్‌కి పన్ను భయం అక్కర్లేదు.

అయితే ఒకచోట జాగ్రత్తగా ఉండాలి. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఔత్సాహిక సంఘం డబ్బులు తీసుకోకుండా ప్రేక్షకులకి నాటకమో సంగీతమో ప్రదర్శిస్తే అది ఉల్లంఘన కిందికి రాదు. టికెట్ పెట్టిన మరుక్షణం ఆ మినహాయింపు పోతుంది, రచయిత దగ్గర అనుమతి తీసుకోవాలి. కాలేజీలో స్టాఫూ విద్యార్థులూ తమ తల్లిదండ్రుల ముందు వేసుకునే నాటకానికి ఇంకో మినహాయింపు ఉంది. అదే నాటకాన్ని ఊరివాళ్లందరికీ తలుపులు తీసి చూపిస్తే ఆ రెండో మినహాయింపు వర్తించదు. క్యాంపస్ నాటక బృందాలు ఈ తేడా తెలుసుకుని ఉండాలి. బతికున్న రచయితకి ఒక ఫోన్ చేసి అడిగితే దాదాపు అందరూ సంతోషంగా ఒప్పుకుంటారు.

కంపెనీల సామాజిక బాధ్యత నిధులూ ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి, ఖర్చు చేయదగ్గ వాటి జాబితాలో కళలు, సంస్కృతి, సంప్రదాయ కళల అభివృద్ధి ఉన్నాయి. చిన్న సంస్థలకి ఆ డబ్బు అందడం కష్టం. రిజిస్ట్రేషన్లు, ఆడిట్లు, ప్రాజెక్ట్ రిపోర్టులు కావాలి. హార్మోనిస్టు చేతులు తెలిసినవాళ్లకి ఆ కాగితాలు తెలియవు, ఆ కాగితాలు తెలిసినవాళ్లు కచేరీకి రారు. యూనివర్సిటీలో ఎంబీఏ చదివే పిల్లలు ఒక్క సెమిస్టర్ ఈ పని నేర్చుకుని ఒక సంస్థకి చేసిపెడితే ఎంత మేలో.

బంజారాహిల్స్‌లో లామకాన్ ఇంకో దారి చూపించింది. డాక్యుమెంటరీలు తీసిన ఎం. హసన్ గారి ఇంటిని 2010లో అందరికీ తెరిచారు. చెట్ల కింద బల్లలు, రాతిబండల మధ్య చిన్న ఆరుబయలు వేదిక. చాలావాటికి ప్రవేశం ఉచితం, టికెట్ ఉన్నా చిన్నదే. క్యాంటీన్‌లో చాయ్, సమోసా. మనిషి చాయ్ కోసం వస్తాడు, వేదిక మీద ఏదో జరుగుతుంటే ఉండిపోతాడు. నాటకానికి వచ్చినవాడు నలుగురితో కూర్చుని సమోసా తింటాడు. ఇక్కడ గౌరవించుకోవాల్సిన దాత వేదిక మీద లేడు, కాబట్టి చెప్పిన టైముకి నాటకం మొదలవుతుంది. విద్యార్థులు నిండుగా వచ్చే చోటు అది. చాయ్ అమ్మే బల్లకీ నాటకం నిండడానికీ సంబంధం ఉందని మన పాత హాళ్లవాళ్లు ఒప్పుకుంటే బాగుండు. ఎన్నో హాళ్లలో కాసిని మంచినీళ్లు దొరకడమే కష్టం.

గేటు లోపల, గేటు బయట

క్యాంపస్‌లోకి కళల్ని తెచ్చిన పెద్ద ప్రయత్నం స్పిక్ మెకే. 1977లో ఢిల్లీ ఐఐటీలో పాఠాలు చెప్పే కిరణ్ సేఠ్ మొదలుపెట్టారు. పద్ధతి చాలా సరళం. కళాకారులు తమ మామూలు రేటు కన్నా బాగా తక్కువకి వస్తారు, విద్యార్థులే వాలంటీర్లు, టికెట్ లేదు. కళాకారుడు నేరుగా పిల్లలతో మాట్లాడతాడు, రాగం అంటే ఏమిటో పాడి చూపిస్తాడు. మన వరంగల్, హైదరాబాద్ క్యాంపస్‌లలో దీని వల్ల హిందుస్తానీ మొదటిసారి విన్న ఇంజినీరింగ్ పిల్లలు లెక్కలేనంత మంది. ఇక్కడ కట్టేవాళ్లలో కళాకారుడు కూడా ఉన్నాడన్నది గుర్తుపెట్టుకోవాలి. తగ్గించుకున్న పారితోషికం ఆయన ఇచ్చిన చందా.

అయితే ఇలాంటివి గేటు లోపల జరుగుతాయి. క్యాంపస్ గోడ అవతల కాపురముండే గృహిణికి లోపల ధ్రుపద్ కచేరీ ఉందని తెలియదు. తెలిసినా సెక్యూరిటీ దగ్గర 'ఎవరిని కలవాలి?' అన్న ప్రశ్నకి ఆమె దగ్గర సమాధానం లేదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయం ప్రజల డబ్బుతో నడుస్తుంది. రంగస్థల శాఖ విద్యార్థులు ఏడాది పొడవునా నాటకాలు తయారుచేస్తారు, వాటిని చూసేది ఎక్కువగా మిగతా విద్యార్థులే. గేటు దగ్గర 'ఈ సాయంత్రం నాటకం, అందరూ రావచ్చు' అని ఒక బోర్డు, సెక్యూరిటీకి ఒక మాట ముందే చెప్పడం, ఇంతే కావాల్సింది. ఆటో డ్రైవరు ముందు ఆడిన నాటకంలో ఎక్కడ నవ్వు వస్తుందో, క్లాస్‌మేట్ల ముందు ఆడితే అక్కడ రాదు. నేర్చుకునే నటుడికి ఆ తేడా తెలియడం అవసరం.

ఇక ఇంటికి తిరిగెళ్లే సంగతి. నా దృష్టిలో విద్యార్థికి ఖర్చంతా ఇక్కడే ఉంది. గచ్చిబౌలి క్యాంపస్ నుంచి రవీంద్రభారతి దాదాపు 20 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు బస్సు, మెట్రో ఉంటాయి. తొమ్మిదిన్నరకి కార్యక్రమం అయితే తిరిగి రావడానికి నలుగురు కలిసి ఆటోనో క్యాబో మాట్లాడుకోవాలి. ఫ్రీ నాటకానికి మనిషికి వంద రూపాయల పైనే అయిపోతుంది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకి బస్సు ప్రయాణం ఉచితమైంది. కళల మీద ఏ ప్రభుత్వం పెట్టిన ఖర్చు కన్నా ఇది అమ్మాయిలకి హాళ్లని ఎక్కువ దగ్గర చేసిందని నేను నమ్ముతున్నాను. కానీ రాత్రి బస్సులు పలచబడతాయి, లేడీస్ హాస్టల్ గేటు ముందే వేసేస్తారు. ఎనిమిదిన్నరకి మంగళం పాడే కచేరీ అమ్మాయిలు వినగలిగే కచేరీ. పదింటి దాకా సాగేది వాళ్లది కాదు, టికెట్ ఎంతైనా సరే.

అందుకే నిర్వాహకులకి నా విన్నపం. నాటకం ముందు పెట్టండి, సన్మానం తర్వాత పెట్టండి. దాతని తప్పకుండా గౌరవించండి, నాటకం చూసి మనసు నిండిన ప్రేక్షకుల మధ్య గౌరవించండి. చప్పట్లు కూడా నిజంగా పడతాయి. కార్డు మీద కళాకారుడి పేరు పెద్దగా, మొదలయ్యే టైము, ముగిసే టైము రాయండి. ముగిసే టైము రాసిన ఆహ్వాన పత్రిక నేను ఇంతవరకు చూడలేదు. ఐడీ కార్డు చూపిస్తే విద్యార్థికి ఇరవై, మిగతావాళ్లకి యాభై అని చిన్న టికెట్ పెట్టి చూడండి. రెండొందల మందిలో సగం మంది విద్యార్థులైనా 7,000 రూపాయలు. మేకప్‌కో వ్యానుకో కొంత ఆసరా, పైగా ఎంతమంది వచ్చారో, రెండోసారి ఎంతమంది వచ్చారో ఒక లెక్క దొరుకుతుంది. టికెట్ పెట్టడానికి మనసు ఒప్పకపోతే ఆట అయ్యాక పళ్లెం తిప్పండి. అది మన పద్ధతే, సిగ్గుపడాల్సిన పనిలేదు.

విద్యార్థులకి చెప్పాల్సింది చిన్నది. పేపర్లో 'నేడు నగరంలో' అని వచ్చే చిన్న కాలమ్ లైబ్రరీలో ఉచితంగా చదవొచ్చు. ఆహ్వాన పత్రికలు తిరిగే వాట్సాప్ గ్రూపులన్నీ పెద్దవాళ్లవే, ఒక కార్యక్రమానికి వెళ్లి పక్కన కూర్చున్నవాళ్లని అడిగితే ఆ గ్రూపులో చేర్చేస్తారు. కార్డు కింద ఒక ఫోన్ నంబర్ ఉంటుంది. దానికి ఫోన్ చేసి 'నాటకం అసలు ఎన్నింటికి మొదలవుతుందండీ, మాకు హాస్టల్ టైము ఉంది' అని అడగండి. నేను చాలాసార్లు అడిగాను. 'ఏడున్నరకి వచ్చేయండి బాబూ, ఎంతమంది వస్తున్నారు?' అన్నారే గానీ ఎవరూ విసుక్కోలేదు. ఒకసారి ఆరుగురం వస్తున్నామని చెబితే, ఇద్దరు వక్తలని తగ్గించి మరీ మా కోసం పావుగంట ముందే తెర లేపారు.